పెద్దాసుపత్రి దారి

గోదావరి జిల్లాలలో “పెద్దాసుపత్రి” అన్న మాటకు ఒక బరువున్నది. “ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపోండి” అని పల్లెలో ఎవరైనా అనగానే ఇంటివారు మొదట చూచుకొనేది చేతిలోని డబ్బు. బండి కిరాయి ఎంత, తోడు వెళ్లేవారి కూలి ఎన్నాళ్లు పోవును, అక్కడ తిండికి ఏమగును? వైద్యం మాట ఆ తరువాతనే.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. గుండె శస్త్రచికిత్స అన్న మాట కూలివాని నోట పలికించిన పథకమది. పేర్లు ప్రభుత్వాలతో మారినవి గాని పథకం నిలిచినది. దాని మేలును తక్కువ చేసి మాట్లాడడం మాకిష్టం లేదు. కాని ఆ డబ్బు రోగి మంచం మీద చేరిన తరువాత గాని కదలదు. పెద్ద వైద్యశాలలు ఎక్కడ ఉన్నవో అక్కడికే, అనగా విశాఖపట్నం, విజయవాడ, కాకినాడ వంటి పట్టణాలకే పోవును. చింతూరుకు పోదు.

చింతూరు సంగతి కొంచెం చెప్పవలెను. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుండి విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలినది. తరతరాలుగా కోయలకు, కొండరెడ్లకు దగ్గరి ఊరైన భద్రాచలం, అక్కడి ఆసుపత్రితో సహా, ఒక్కనాటితో పొరుగు రాష్ట్రమైనది. 2022 జూలై వరదలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ మండలాల దారులు నీట మునిగినవి. వరద లేనినాడు సైతం రోడ్డు లేని కొండగూడెం నుండి గర్భిణిని డోలీ కట్టి మోసుకొని రావలసి వచ్చుచున్నది. అట్టి స్త్రీకి కార్డు మీద వ్రాసిన లక్షల రూపాయల వలన ప్రయోజనమేమి?

ఇది పేదదేశపు కష్టమని మిత్రులు కొందరు అనవచ్చు. అమెరికాను చూతము. 2023లో ఆ దేశం తన జాతీయోత్పత్తిలో 17.6 శాతం వైద్యానికి వెచ్చించినది. అదే సంవత్సరం అక్కడ లక్ష కాన్పులకు తెల్లజాతి తల్లులు 14.5 మంది మరణించగా, నల్లజాతి తల్లులు 50.3 మంది మరణించిరి. సెయింట్ లూయిస్ నగరంలో నల్లజాతివారి కొరకు 1937లో వెలసి, ఎందరో నల్లజాతి వైద్యులను తీర్చిన హోమర్ జి. ఫిలిప్స్ వైద్యశాలను, ప్రజలు వద్దని మొత్తుకొన్నా 1979లో మూసివేసిరి. ధనం కొరవడి జరిగిన పనులు కావివి.

అదే దేశంలో మరొకటి కూడ జరిగినది. 1966లో వృద్ధుల వైద్యానికి మెడికేర్ అమలులోనికి వచ్చినప్పుడు, తెల్లవారికి, నల్లవారికి వేర్వేరు వార్డులు నడుపు ఆసుపత్రికి ఈ డబ్బు ముట్టదని ప్రభుత్వం షరతు పెట్టినది. వెయ్యికి పైగా ఆసుపత్రులు కొద్ది నెలలలోనే ఆ గోడలు తీసివేసినవి. ఏండ్ల తరబడి ప్రార్థనలకు కరగని యాజమాన్యాలు బిల్లుకు కరిగినవి!

కనుక మా అభిప్రాయమిది. ప్రభుత్వపు డబ్బు తీసికొను ప్రతి పెద్ద వైద్యశాల ఏజెన్సీలో ఒక ఆసుపత్రికి వైద్యులను పంపు బాధ్యత వహించవలెను. లేనిచో బిల్లు నిలుపవలెను. రాజమహేంద్రవరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. నగరానికి ఇది భాగ్యమే. అక్కడి వైద్యులు వంతులవారీగా రంపచోడవరం, చింతూరు ఆసుపత్రులలో పనిచేయు ఏర్పాటు గట్టిగా ఉండవలెను. అందుకు ఖర్చగును, నిజమే. జాతీయోత్పత్తిలో 2.5 శాతం ప్రజారోగ్యానికి 2025 నాటికి వెచ్చించగలమని 2017 జాతీయ విధానంలో వ్రాసుకొంటిమి. 2021-22 లెక్క 1.84 శాతం. ఆ సంవత్సరం దేశపు వైద్యఖర్చులో 39.4 శాతం ప్రజలు తమ జేబులనుండి పెట్టుకొన్నదే.

ఇక కళాశాల కమిటీవారికి ఒక మనవి. ఓ.పి. చీటీల వరుసలో నిలబడి, బోర్డు చదువరాక, తన బాధ తెలుగులో చెప్పలేక తికమకపడు ఉర్దూ ముసలమ్మను మనలో చూడనివారు లేరు. వారానికి రెండు ఉదయాలు ఇద్దరేసి విద్యార్థులను ప్రభుత్వాసుపత్రికి పంపుటకు సూపరింటెండెంటుగారి అనుమతి కోరవలెను. ఉర్దూ తెలిసినవారికి మన తరగతులలో కొదువ లేదు. కోయభాష తెలిసిన విద్యార్థి ఒక్కరున్నను, పేరు ముందుగా ఇవ్వవలసినదిగా కోరుచున్నాము.