రాత్రి పదిన్నర ముహూర్తం

ముహూర్తాలు నమ్మనని నలభై ఏళ్ళుగా చెప్పుకు తిరుగుతున్నవాణ్ణి. మా అమ్మాయి పెళ్ళి కూడా పంచాంగం చూడకుండా, అందరికీ సెలవు కదా అని ఒక ఆదివారం నాడు చేసేశాను. అటువంటి నేను పోయిన వేసవిలో ఒక రాత్రి పదింబావు నుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని గడియారం చూస్తున్నాను. పదిన్నరకి స్టీమ్ వారి వేసవి సేల్ మొదలవుతుంది. అమెరికా పసిఫిక్ తీరంలో ఉదయం పది అంటే మనకి రాత్రి పదిన్నర (చలికాలం సేల్ అయితే పదకొండున్నర, వాళ్ళు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు గనక). వెనకనించి మా ఆవిడ, "అక్షయ తృతీయకి కరోల్‌బాగ్‌లో నగల కొట్ల ముందు నిలబడేవాళ్ళని చూసి నవ్వారు కదండీ, మరి ఇదేమిటి?" అంది. అప్పుడు జవాబు దొరకలేదు. తర్వాత ఆలోచించి రాస్తున్నది ఇది.

అరవై దాటినవాడికి ఆటలేమిటి అనేవారికి ఒక మాట. 2001లో మా అబ్బాయి కోసం నెహ్రూ ప్లేస్ మెట్లమీద ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం సీడీ కొన్నాను. వంద అన్నాడు, అరవైకి ఇచ్చాడు. దొంగ సీడీ అని ఇద్దరికీ తెలుసు. పన్ను ఎగ్గొట్టేవాళ్ళమీద ఇంట్లో ఉపన్యాసాలిచ్చే నాకు అది తప్పుగా తోచనే లేదు. నెహ్రూ ప్లేస్, పాలికా బజార్ల పేర్లు తర్వాతి కాలంలో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే అపఖ్యాతి బజార్ల జాబితాల్లోకి కూడా ఎక్కాయి. అబ్బాయి కన్నా నేనే ఎక్కువ ఆడాను. ఉద్యోగం వదిలాక మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి డబ్బు కట్టి, అంతర్జాలం నుంచి సక్రమంగా దింపుకుని. స్టీమ్‌లో 2015 నవంబర్ నుంచి ధరలు రూపాయల్లో ఉన్నాయి, యూపీఐతో కట్టొచ్చు. ఇక దొంగ సరుకు కొనడానికి సాకు లేదు.

అయితే ఆ రాత్రి మా ఆవిడ మాట పొడిచింది కాబట్టి మర్నాడు నా ఖాతాకి నేనే ఆడిట్ పెట్టాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో స్టోర్స్ లెక్కలు చూసినవాడికి లెడ్జర్ బ్యాలెన్స్ వేరు, గ్రౌండ్ బ్యాలెన్స్ వేరు అని ఒకరు చెప్పనక్కర్లేదు. లెడ్జర్‌లో 41 ఆటలు ఉన్నాయి. వాటి మొత్తం అసలు ధర రూ. 38,400, నేను కట్టింది రూ. 9,870. అంటే రూ. 28,530 "ఆదా". ఈ ఆదా ఏ పాస్‌బుక్కులోనూ జమ అయినట్టు కనపడలేదు. ఇక గ్రౌండ్ బ్యాలెన్స్: గంటకి పైగా ఆడినవి ఏడు. వాటికి పెట్టింది రూ. 2,310. మిగిలిన 34 ఆటలకి పోసిన రూ. 7,560 గోదాములో తుప్పు పడుతున్న సామానే. ఏ యూనిట్‌లోనైనా ఇలాంటి నిల్వ కనిపిస్తే ఎంత ఘాటుగా అభ్యంతరం రాసేవాణ్ణో!

ఇది మా సొసైటీ మిత్రుడొకరికి చెప్తే ఆయన ఒప్పుకోలేదు. "అక్షయ తృతీయ నాడు బంగారం చవక కాదు, పైగా ప్రియం. సేల్ రోజున ఆట నిజంగానే చవక. రెండూ ఒకటెలా అవుతాయి?" అన్నారు. న్యాయమైన మాట. తగ్గింపు నిజమే. స్టీమ్ నిబంధనల ప్రకారం ధర పెంచాక 30 రోజులదాకా తగ్గింపు పెట్టకూడదు కూడా. మన బట్టల కొట్లవాళ్ళలా శుక్రవారం పెంచి శనివారం సగానికి అమ్మడం అక్కడ కుదరదు. కాబట్టి మూఢనమ్మకం ధర దగ్గర లేదు. "ఇప్పుడు తప్పితే మళ్ళీ దొరకదు" అన్న చోట ఉంది. ఇది పరీక్షకి నిలిచే వాక్యమో కాదో చూడొచ్చు కదా?

చూశాను. స్టీమ్‌డీబీ అనీ, ఈజ్ దేర్ ఎనీ డీల్ అనీ రెండు చోట్ల ప్రతి ఆట పాత ధరల చరిత్ర ఉంటుంది. నాకు కావలసిన 12 ఆటలు నోటుబుక్కులో రాసుకుని ఏడాదిపాటు ఏమీ కొనకుండా కూర్చున్నాను. పదకొండింటికి అదే ధర మళ్ళీ వచ్చింది, అందులో నాలుగు ఇంకా కిందకి దిగాయి. 12 ఆటలు చూసి లోకానికి సిద్ధాంతం చెప్పకూడదని తెలుసు. నా జేబుకి మాత్రం ఆ రుజువు చాలు.

కొట్టేసిన పాత ధర మనసుమీద చేసే పని ఇంకా చిత్రమైనది. 1974లో ట్వెర్‌స్కీ, కానెమన్ సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. ముందు అంకెల చక్రం తిప్పి, తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడిగారు. చక్రంమీద 10 పడ్డవాళ్ళ అంచనాల మధ్యస్థం 25, 65 పడ్డవాళ్ళది 45. చక్రానికీ ఆఫ్రికాకీ సంబంధం లేదని అందరికీ తెలుసు, అయినా లాగింది. 2,999 కొట్టేసి 449 అని రాస్తే నన్ను లాగినట్టే. ఇప్పుడు నేను ముందు కాగితంమీద "దీనికి నేనెంత ఇస్తాను" అని రాసుకుని తర్వాతే ధర చూస్తున్నాను.

మిగిలిన తిప్పలు త్వరగా చెప్తాను. మా మనవడు ఒకసారి, "తాతయ్యా, ఇక్కడ కీ సగం ధరకే ఇస్తున్నారు" అని ఏదో కీల దుకాణం చూపించాడు. రూ. 640 కట్టాక ఆ కీ మీ ప్రాంతంలో పనిచేయదు అని వచ్చింది. మూడు ఉత్తరాలు రాశాను, మూడింటికీ ఒకటే జవాబు: డిజిటల్ సరుకు వాపసు తీసుకోము. వీపీఎన్ పెట్టుకుని అర్జెంటీనావాడినని చెప్పి చవగ్గా కొనేవాళ్ళు ఉండేవారు. 2023 నవంబర్‌లో స్టీమ్ అర్జెంటీనా, టర్కీ ధరల్ని డాలర్లలోకి మార్చేసింది. దొంగ చిరునామాతో రేషన్ కార్డు తీయడం తప్పయితే అదీ తప్పే, మనవడితో అదే అన్నాను. ఎపిక్ గేమ్స్ స్టోర్ తరచు ఉచితంగా ఆటలిస్తుంది. ఉచితం కదా అని అవీ పోగేస్తే నా గోదామే పెరుగుతుంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోగా, రెండు గంటలు మించి ఆడకుండా ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. చాలామందికి తెలియని మేలు ఇది.

అసలు గొడవ ఇవేవీ కావు. మనం కొంటున్నది ఏమిటన్నది. మీట మీద "కొనండి" అని ఉంటుంది. ఒప్పందం చదివితే (నేను చదివాను, ఉద్యోగ దోషం) దొరికేది లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి. ఖాతా ఇంకొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు. నా తర్వాత నా మనవడికి నా పుస్తకాలు వస్తాయి, ఆ నెహ్రూ ప్లేస్ దొంగ సీడీ కూడా వస్తుంది. సక్రమంగా డబ్బు కట్టిన 41 ఆటలు రావు! యూబీసాఫ్ట్ వారి ది క్రూ అనే ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు కట్టేశారు. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకి కూడా ఆట లేకుండా పోయింది. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ విండోస్ 7, 8 యంత్రాలకి మద్దతు ఆపేసింది. ఆట పాతదే, యంత్రం పాతదే, మధ్యలో ద్వారపాలకుడు మారాడు.

కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. ఇచ్చేది లైసెన్సే అయితే ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదు. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబర్‌లో అంతర్జాల అమ్మకాల్లో 13 రకాల మాయోపాయాలను పేర్కొంటూ మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర కల్పించడం అందులో మొట్టమొదటిది, నా పదిన్నర ముహూర్తానికి మందు అక్కడుంది. అనుమతిని అమ్మకం అని పిలవడం మాత్రం ఆ పదమూడింటిలో విడిగా లేదు. తాయెత్తు అమ్మేవాణ్ణి "ఇందులో ఏముందో చెప్పు" అని నిలదీసే మనం ఇక్కడ ఎందుకు అడగకూడదు? మా సొసైటీ తరఫున ఒక వినతిపత్రం రాస్తున్నాను. పద్నాలుగోదిగా దీన్ని చేర్చమని.

ఈలోగా నా ఏర్పాట్లు నావి. డీఆర్‌ఎం తాళం లేని ఆటలు అమ్మే జీఓజీలో కొంటే ఇన్‌స్టాలర్ మొత్తం దింపి దాచుకోవచ్చు. స్టీమ్‌లో కూడా కొన్ని ఆటలకి తాళం ఉండదు. ఏది ఎటువంటిదో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటే: నెట్ తీగ పీకేసి, స్టీమ్ మూసేసి, ఆట నడుస్తుందా అని చూడటం. అలా నెగ్గినవి ఇప్పటికి తొమ్మిది. వాటిని ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, తెల్లటి అట్టముక్క మీద మనవడి పేరు రాసి అంటించి, బీరువాలో ఇంటి కాగితాల పక్కన పెట్టాను. మా ఆవిడ చూసి, "వీలునామాలో కూడా రాస్తారా ఏమిటి?" అంది. రాశాను.