టులెట్ బోర్డు కట్టే ముందు ఎర్త్ చూపించండి

ఇంటి యజమానులకూ, అద్దెకుంటున్నవారికీ ఒక విన్నపం

ఇల్లు ఖాళీ అయితే మన కాలనీల్లో సున్నం వేయిస్తాం, కారే కుళాయి బాగుచేయిస్తాం, గేటుకు టులెట్ బోర్డు కడతాం. మెయిన్ బోర్డు మూత మాత్రం ఎవరూ తీసి చూడరు. ఎప్పుడో నాలుగు ట్యూబులైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ కోసం లాగిన వైర్లవి. ఇవాళ వాటి మీదే గీజరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్ నడుస్తున్నాయి. పండగొస్తే డాబా మీద ఫోకస్ లైట్లు కూడా తోడు.

మేం అడిగేది ఇది. అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్) ఉండాలి, ఎర్త్ పనిచేస్తూ ఉండాలి, గీజరుకూ ఏసీకీ వేర్వేరు లైన్లు ఉండాలి. ఈ సంగతి అద్దె అగ్రిమెంటులోకి ఎక్కాలి. ఖర్చు యజమానిదే.

చివరి మాట దగ్గర ఆగిపోయిన యజమానులు కాస్త లెక్క చూడండి. రెండు కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఇండక్షన్ స్టవ్ పూర్తిగా పెంచితే అదీ అంతే. టన్నున్నర ఏసీకి మరో ఏడెనిమిది. చలికాలం పొద్దున్నే గీజరు, స్టవ్, ట్యాంకు మోటారు ఒక్కసారే నడుస్తాయి. మోటారైతే స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. వైరులో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడంతా గోడలోని పైపులో ఉంటుంది కాబట్టి మన కంటపడదు. బయటపడేది సాకెట్ దగ్గరే. తెల్లటి ప్లేటు పసుపెక్కుతుంది, ఫేజు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ పడుతుంది, ప్లగ్గు పీకితే పిన్ను వేలికి చురుక్కుమంటుంది, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. అద్దెకున్నవాళ్లు ప్లగ్గును కాస్త గట్టిగా నొక్కి మళ్లీ స్విచ్ వేస్తారు.

ఎంసీబీ (లోడు మించితే ట్రిప్పయ్యే స్విచ్) పడిపోతూ ఉంటే ఎవరినో పిలుస్తాం. అతను 16 ఆంపియర్లది తీసి 32 పెట్టి వెళ్తాడు. "ఇక పడదు" అంటాడు. నిజమే, పడదు. ఎంసీబీ కాపాడాల్సింది వైరును. గోడలోని ఒకటిన్నర స్క్వేర్ వైరును అలాగే ఉంచి ఎంసీబీ మార్చితే, వైరు మాడే దాకా అది కదలదు. పాత ఇళ్లలో కట్టౌట్‌లో ఫ్యూజు వైరుకు బదులు రాగి తీగ పోగులు చుట్టడమూ ఇదే బాపతు.

ఎంసీబీ ఉంది కదా, ఆర్‌సీసీబీ ఎందుకు అని అడిగేవాళ్లే ఎక్కువ. తడి చేత్తో గీజరు పైపు పట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు ఒక ఆంపియరులో పదోవంతు ఉన్నా ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సరిపోయాయా లేదా అని చూస్తూ ఉంటుంది. 0.03 ఆంపియరు తేడా వస్తే రెప్పపాటులో లైను తెంపేస్తుంది. ఇంటికి సరిపడే ఆర్‌సీసీబీ ధర రెండు వేల రూపాయలకు కాస్త ఇటూ అటూ. నెల అద్దె పక్కన పెట్టి చూసుకోండి. అయితే ఫేజునూ న్యూట్రల్‌నూ రెండు చేతులతో పట్టుకున్నవాణ్ణి అదీ కాపాడలేదు. ఓవర్‌లోడునూ అది పట్టించుకోదు. అందుకే అదొక్కటే అడగడం లేదు.

షాకు ఒక్కటే కాదు, నిప్పు భయమూ ఉంది. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర, కింద దుకాణాలు పైన కాపురాలు ఉన్న పాత ఇంట్లో నిప్పంటుకుని 17 మంది పోయారు. వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. షార్ట్ సర్క్యూట్ కావచ్చని అధికారులు మొదట్లో చెప్పారు. ఆ ఇంటి వైరింగు మీద తీర్పు చెప్పడం మా పని కాదు. మన మూడంతస్తుల ఇళ్లు మాత్రం ఒకసారి చూసుకోండి. దిగడానికి ఒక్కటే మెట్లదారి, మెట్ల కిందే మీటర్ల బోర్డు, దానికి ఆనించి పెట్రోలు బండ్లు.

ఎర్త్ సంగతి ఇంకా అన్యాయం. మూడో పిన్నుకు వైరే ఉండని ఇళ్లున్నాయి. అడిగితే సాకెట్‌లోనే న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేసి "ఇదిగో ఎర్త్" అనేవాళ్లున్నారు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే వాషింగ్ మెషీన్ ఒళ్లంతా ఫేజవుతుంది. గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి పాతిన ఎర్త్ ఉన్నచోట కూడా ఎండాకాలంలో అందులో నీళ్లు పోసే దిక్కుండదు. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే అది పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది, ఎర్త్ ఉందో లేదో తెలియదు. అది మీటరుతో కొలిపించాల్సిందే.

లైట్ల గురించి ఒక మాట. ఒకప్పటి వెయ్యి వాట్ల హాలోజన్ ఒక్కటే 4 ఆంపియర్లు దాటేది. ఇప్పటి ఎల్‌ఈడీ ఫోకస్ లైటు అందులో పదోవంతు చాలంటుంది, దాంతో మనకు భయం పోయింది. లోడు తగ్గింది, షాకు తగ్గలేదు. లోహపు డొక్కు ఉన్న ఆ లైటును ఇనుప గ్రిల్లుకే కడతాం, వాన పడుతుంటుంది, రెండు వైర్లు సాకెట్‌లో గుచ్చి అగ్గిపుల్లలు దోపుతాం. గ్రిల్లు నుంచి బట్టల దండెం తీగ, దండెం మీద తడి చీర. ఇలా పోయినవాళ్ల వార్తలు ఏటా జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. డ్రమ్ముకు చుట్టిన ఎక్స్‌టెన్షన్ వైరుతో పెద్ద లోడు నడపాలంటే వైరు మొత్తం విప్పి పరవండి, చుట్ట లోపల వేడి పోయే దారి లేదు.

"ఆర్‌సీసీబీ పెడితే మాటిమాటికీ ట్రిప్పవుతుంది" అని తీయించేసిన ఇళ్లు మాకు తెలుసు. అది సాధారణంగా ఊరికే పడదు. ఎక్కడో లీకేజీ ఉంటుంది, లేదా రెండు లైన్ల న్యూట్రల్స్ కలిసిపోయి ఉంటాయి. రెండూ వెతికి సరిచేయగలిగినవే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఒక పరిమితి దాటిన లోడుకు ఇలాంటి రక్షణ ఉండాలనే చెబుతున్నాయి. మనం కొత్తగా కోరుతున్నదేమీ లేదు.

అద్దెకున్నవారూ ఒకటి ఒప్పుకోవాలి. ఓనరుకు చెప్పకుండా ఏసీ బిగించుకోవద్దు. మంజూరైన లోడు ఎంతో బిల్లు మీదే ఉంటుంది, చాలకపోతే ఇద్దరూ కలిసి పెంపుకు దరఖాస్తు పెట్టండి. అదనపు లోడు ఇచ్చేటప్పుడు ఎర్త్ కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసివ్వాలని డిస్కంలను కూడా కోరుతున్నాం.

పని వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్లతోనే చేయించండి. ఏసీకి సాధారణంగా నాలుగు స్క్వేర్ వైరు, గీజరుకు రెండున్నరకు తగ్గకుండా, ఐఎస్ఐ మార్కు చూసి కొనండి. వచ్చే కాలనీ సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాం. అందాకా ఆగలేనివాళ్లు ఈసారి అగ్రిమెంటులో ఈ మాటలు చేర్పించుకోండి: "ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నది. ఇరువురి ఎదుట టెస్ట్ బటన్ నొక్కి చూడడమైనది. ఎర్త్ కొలిచిన తేదీ, అంకె ఈ కింద రాయడమైనది. గీజరు, ఏసీ లైన్లు మెయిన్ బోర్డు నుంచి విడిగా ఉన్నవి. వీటి మరమ్మతు యజమాని బాధ్యత."