పాత మోటారు బేరం

పడవ వెనుక పలకకు బయటివైపు బిగించే ఔట్‌బోర్డ్ మోటారును సెకండ్‌హ్యాండులో కొనేవారు, కాకినాడ, విశాఖ తీరాల్లో ఫైబర్ తెప్పలు నడిపే అనుభవజ్ఞులైనా సరే, ముందుగా చూడవలసింది పైమూతకు వేసిన కొత్త రంగును కాదు, అడుగున గేరుపెట్టెలోని ఆయిల్‌ను. డ్రెయిన్ స్క్రూ వదులు చేయగానే కారే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే, నీటిని ఆపే రబ్బరు సీలు ఎక్కడో చెడి నీరు లోపలికి చేరిందన్నమాట. స్క్రూ అయస్కాంతానికి లోహపు తునకలు అంటుకుని వస్తే గేర్ల పళ్లే విరుగుతున్నాయని అనుమానించాలి (సన్నని బూడిదరంగు గుజ్జు మాత్రం మామూలు అరుగుదలే). తర్వాతిది కంప్రెషన్, అనగా పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండరులో పుట్టే ఒత్తిడి. స్పార్క్ ప్లగ్ తీసిన రంధ్రంలో గేజి బిగించి కొలిచినప్పుడు, విడి అంకెలకన్నా సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటిందా అన్నదే ముఖ్యం. కొనుగోలుదారు రాకముందే మోటారును నడిపి వేడెక్కించి ఉంచడం మంచి సూచన కాదు, ఎందుకంటే చల్లని ఇంజన్ మొరాయించే తీరు అప్పుడు కనబడదు. నడుస్తున్న మోటారు వెనుక నుంచి చిమ్మే సన్నని నీటిధార బలహీనంగా ఉంటే, చల్లబరిచే పంపులోని రబ్బరు చక్రం అరిగి ఉండవచ్చు, లేదా లోపలి దారుల్లో ఉప్పు పేరుకుని ఉండవచ్చు. మొదటిది చవక మరమ్మతే గాని, రెండోదాంట్లో ఇంజన్ ఇప్పటికే ఎన్నిసార్లు అతిగా వేడెక్కిందో చెప్పగలవాడు అమ్మేవాడొక్కడే.