వంటింటి కబుర్లు: మావుసి నేర్పిన దాల్మా

ఎవరి వంట వాళ్ల పొయ్యి దగ్గర నిలబడే నేర్చుకోవాలి అనేది మా అమ్మ. ఆ మాట నాకు తలకెక్కడానికి పాతికేళ్లు పట్టింది.

శ్రీకాకుళం జిల్లా నుంచి బరంపురం కాపురానికి వచ్చాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అందుకని బజారులో తెలుగుకు కొదవలేదు. పక్కింటి ఒడియా ఆవిడను మా పిల్లలతోపాటు నేనూ ‘మావుసీ’ అనే పిలుస్తాను. కొత్తలో ఆవిడ పంపిన దాల్మా తిని, "ఇంతేనా! ముక్కలేసిన పప్పే కదా" అనుకున్నాను. మర్నాడే చింతపండు పులుసు పోసి, ఇంగువ, వెల్లుల్లి పోపు పెట్టి గిన్నెడు పట్టుకెళ్లాను. మావుసి తిని నవ్వి, "మీ పప్పు చాలా బాగుందమ్మా" అన్నారు. మెచ్చుకున్నారనుకుని మురిసిపోయాను.

కిందటి వానాకాలంలో మావుసి జారిపడితే కుడిచెయ్యి విరిగింది. పిల్లలు దూరాన ఉన్నారు. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి తినరు, హోటలు తిండి ముట్టరు. రెండు రోజులుగా అటుకులూ అరటిపళ్లతో గడుపుతున్నారని తెలిసి నా ప్రాణం ఉసూరుమంది. "నేను వండిపెడతాను మావుసీ" అన్నాను.

"మా వంట నీకు రాదు తల్లీ" అన్నారు మెల్లగా.

మనసు చివుక్కుమంది. కానీ నిజమే కదా! "అయితే మీరు పీట మీద కూర్చుని చెప్పండి, నేను చేస్తాను" అన్నాను.

గ్లాసు కందిపప్పు కడిగి, నాలుగు గ్లాసుల నీళ్లలో పసుపు, బిరియానీ ఆకు, దంచిన అల్లం వేసి పొయ్యి మీద పెట్టించారు. పప్పు సగం ఉడికాక అరటికాయ, పచ్చిబొప్పాయి, చేమదుంప ముక్కలు, ఉప్పు. అవి మెత్తబడుతుంటే గుమ్మడి, వంకాయ. అన్నీ కలిపి రెండు గ్లాసుల ముక్కలు, కాస్త పెద్దవిగానే ఉండాలి. అలవాటుకొద్దీ పప్పుగుత్తి తీశాను. "అది అక్కడ పెట్టెయ్! మెదిపితే మీ పప్పే అవుతుంది" అన్నారు. పాతికేళ్లనాటి ఆ నవ్వు అప్పుడు అర్థమైంది!

పోపు నేతిలో పెట్టాలి. ఎండుమిర్చి, ఆపైన పంచఫుటణ, అంటే జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపి చెంచాడు. చింతపండు ఊసే లేదు. దించేముందు గుప్పెడు కొబ్బరి కోరు. చివర్న, నూనె లేకుండా వేయించి దంచిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చెంచాడు చల్లి మూత పెట్టాలి. దాల్మాకు అసలు వాసన ఆ పొడిదే.

మావుసి ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నారు. మారు వడ్డించమన్నారు. బాగుందనీ అనలేదు, ‘మీ పప్పు’ అనీ అనలేదు. "రేపు త్వరగా రా, సంతుళా చేద్దాం" అన్నారంతే. చెయ్యి కట్టు విప్పేదాకా నలభై రోజులూ వెళ్లాను.

ఏళ్ల తరబడి గోడ పక్కనే ఉంటూ, గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటూ కూడా ఆవిడ వంట నేర్చుకోలేదే అన్న బాధ నాకింకా ఉంది. మీ పొరుగున కన్నడ సారో, తమిళ కూటో, మరాఠీ ఆమటీయో రోజూ ఘుమఘుమలాడుతూనే ఉంటుంది. ఒక్కసారి పప్పుగుత్తి ఇంట్లో వదిలి, వాళ్ల పొయ్యి దగ్గరకు వెళ్లి చూడండి. పై సంచికలో సంతుళాతో కలుద్దాం.