కొండలు మండుచున్నవి

శివరాత్రికి చలి శివశివ యని పోవునని మన పెద్దలందురు. ఆ చలితోపాటు కొండగాలిలోని చెమ్మయు పోవును. కార్తికము దాటిన పిమ్మట శ్రీకాకుళము, విజయనగరము సీమలలో వానలు మిక్కిలి యరుదు. పుష్యమాఘములలో గడ్డి యెండును. ఆకు రాలి నేలపై పఱచుకొనును. ఫాల్గునము వచ్చునప్పటికి పడమటి కొండలన్నియు నిప్పునకై పేర్చియుంచిన చితుకులవలె నుండును. ఇప్పుడు ఎండలును ముందుగానే వచ్చుచున్నవి. 1901 మొదలుకొని యున్న లెక్కలలో, పగటి గరిష్ఠోష్ణోగ్రతల సగటునుబట్టి 2023 ఫిబ్రవరి వంటి వేడి ఫిబ్రవరి మన దేశమున అంతకుముందు లేదని భారత వాతావరణ శాఖ ప్రకటించినది. కావున అగ్నిభయము చైత్రమునకై వేచియుండక మాఘమునందే తలుపు తట్టుచున్నది.

పార్వతీపురము, పాలకొండ, సాలూరు, పాతపట్నము ప్రాంతముల వారికి రాత్రివేళ కొండవాలుపై ఎఱ్ఱని గీతవలె ప్రాకు మంట కొత్త దృశ్యము కాదు. దానిని చూచి పట్టణవాసులమైన మనము రెండే మాటలందుము. "పోడు కాల్చుచున్నారు" అని కొందఱు చూపు మరల్చుకొందురు. "ఈ కొండవాండ్రు అడవిని బూడిద చేయుచున్నారు, శిక్షలు హెచ్చింపవలెను" అని మఱికొందఱు కోపింతురు. మొదటిది అలసత్వము, రెండవది అన్యాయము. ఈ రెండింటిచేతను మంట యాఱదని మా దృఢాభిప్రాయము.

మన కొండలలో పుట్టు నిప్పులో మిక్కిలి భాగము మనుష్యుని చేతినుండియే వచ్చుననుట నిజమే. కాని యెవని చేతినుండి, యెందులకు? పోడు చేయు సవరయు, జాతాపును చెట్టుచేమలను నఱికి, యెండనిచ్చి, గాలి చూచుకొని కాల్చుదురు. ఆ బూడిదయే వారి యెరువు. తొలకరికి అందులో చోళ్ళు, సామలు, కందులు చల్లుదురు. ఇంకను కారణములు గలవు. ఇప్పపూవు నేలపై కనబడుటకై చెట్టుక్రింది ఆకు కాల్చువారు కలరు. తునికిచెట్టు కొత్త చిగురు వేయుటకై పొదలకు నిప్పు పెట్టించువారును, పశువులకు పచ్చగడ్డి మొలచుటకై ఎండుగడ్డిని కాల్చువారును కలరు. చుట్టయో బీడియో కాల్చి పాఱవైచి పోవు బాటసారి కలడు; అతడు తఱచుగా మన పట్టణపువాడే. వీరందఱి నేరమును ఒక్క పోడు రైతు నెత్తిన వేయుట యెట్లు ధర్మమగును?

పోడును మేము పూర్తిగా నిర్దోషమని చెప్పము. పూర్వము ఒక వాలును కాల్చి రెండు మూడేండ్లు పండించి, చెట్లు మరల నెదుగునంతవఱకు దానిని విడిచిపెట్టెడివారు. నేల కొఱతవడిన కొలది ఆ విరామము తగ్గినది. విరామము తగ్గినచోట చెట్టు పోయి గడ్డి వచ్చును. గడ్డి వచ్చినచోట ఏటేట నిప్పు వచ్చును. నిప్పు వచ్చినచోట మొక్క యెదుగదు. పైగా కొండపై మంట యెగువకు పర్వులెత్తును. దిగువనున్న జ్వాల పైనున్న గడ్డిని ముందుగానే వేడిచేసి యెండించును గనుక, వాలు పది డిగ్రీలు హెచ్చినపుడెల్ల మంట వేగము ఇంచుమించు రెట్టింపగునని అగ్నిశాస్త్రజ్ఞుల లెక్క. చేని గట్టున ఒకడు ఏమఱినచో తెల్లవాఱునప్పటికి శిఖరమంతయు నల్లబాఱును.

అయినచో నేల కొఱత యెట్లు వచ్చినది? 1882లో మద్రాసు అడవుల చట్టము పుట్టినది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరమైనది. దానితోపాటు కొండవాడు తరతరములుగా తిరిగిన తావున పరాయివాడైనాడు. 1922 నుండి 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు తిరుగుబాటునకు పోడుపై విధించిన నిర్బంధములు ఒక ముఖ్యకారణము. హిమాలయ ప్రాంతమున కుమావూఁ ప్రజలు 1921లో అడవి నిబంధనలపై అలిగి రిజర్వు అడవులకే నిప్పు పెట్టిరి. తమది కాదన్న అడవిని ప్రజలు కాపాడరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? మన జమీందారీలలోని అడవులు 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో ప్రభుత్వమునకు చెందినవి. అడవి చేతులు మాఱెను. కొండవాని చేతికి మాత్రము రాలేదు. 1960ల చివర శ్రీకాకుళపు మన్యమున రగిలిన గిరిజనోద్యమమునకు భూమియు, అడవియు మూలములు కావా?

2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టమును చేసినది. కొండవానికి జరిగినది చారిత్రకాన్యాయమని ఆ చట్టపు పీఠికయే యొప్పుకొన్నది. గ్రామసభ తన సాముదాయిక అడవిని కాపాడుకొనుటకును, నిర్వహించుకొనుటకును ఆ చట్టము హక్కు నిచ్చినది. సొంత చేనికి పట్టా యిచ్చుటతో పని ముగిసినదని అధికారులు తలంపరాదు. ఊరుమ్మడి అడవిపై హక్కుపత్రము చేతికి వచ్చినపుడే ఊరివారు దానికి కావలి కాయుదురు.

నేడు మంట జాడ తెలియకపోవుట సమస్య కాదు. దెహ్రాదూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహముల సాయమున అడవిమంటల నెలవులను రాష్ట్రములకు తెలుపుచున్నది. వార్త దెహ్రాదూను నుండి క్షణములలో వచ్చును. పచ్చికొమ్మ పట్టుకొని మంటపై కొట్టు మనుష్యుడు ఎక్కడనుండి వచ్చును? అతడు ఆ కొండమీది గూడెమునుండియే రావలెను. హక్కు లేని వానిని, కూలి లేక, అర్ధరాత్రి మంటలోనికి దూకుమనుట యే న్యాయము?

కనుక మేము కోరునవి యివి. మాఘము ముగియకమున్నే గ్రామసభల చేత అడవి యంచులను, పోడు గట్లను గడ్డి చెక్కించి నిప్పు దాటని బాటలు తీయింపవలెను. దానికి ప్రభుత్వము కూలి చెల్లింపవలెను. పోడు కాల్చు దినమును గ్రామసభ నిర్ణయించి, చుట్టును మనుష్యులను నిలిపి కాల్పింపవలెను. అటవీ ఫలసాయమును కొనుటకై 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, చెట్టుక్రింద వలగాని గుడ్డగాని పఱచి యేఱిన ఇప్పపూవునకు హెచ్చు వెల నిచ్చినచో, ఆకు కాల్చు నవసరమే యుండదు. హక్కు లిచ్చినచో అడవి మఱింత కాలునని భయపడువారు కలరు. నూటనలువది యేండ్లకు పైగా నిషేధము నడచినది, మంటలు ఆఱినవా? ఒకపరి నమ్మకమును పరీక్షించి చూడుడని మా మనవి.

ఇది కొండవారి గొడవ, మనకేలయని పట్టణములవారు తలంపవలదు. పాచిపెంట కొండలలో వేగవతియు, సాలూరు కొండలలో సువర్ణముఖియు పుట్టి నాగావళిలో కలియుచున్నవి. ఆ నాగావళియే శ్రీకాకుళ పట్టణమును ఒరసికొని పోవుచున్నది. కాలిన వాలున తొలివానకు కొట్టుకొనివచ్చు మన్ను ఏటి కడుపున మేట వేయును, ఊట లెండును, వానకారున వఱద హెచ్చును, వేసవిని నీరు తగ్గును. ఆ కొండపై నేడు ఆఱని మంట రేపు మన బావులలో దప్పికగా కనబడును.

పఠనమందిరములలో కూర్చుండి దేశవిదేశముల వార్తలు చర్చించు సోదరులు ఒక్క సాయంకాలము పడమటి కొండలవైపు చూతురుగాక. ఆ యెఱ్ఱని గీత యెవని నేరమని యడుగుటకు ముందు, అది యార్పుటకు ఎవనికి హక్కిచ్చితిమని మనలను మనమే ప్రశ్నించుకొందము.