క్షమించమంటున్నదెవరు? ఎవరిని?



గాజులరామారం, సూరారం, షాపూర్‌నగర్, జీడిమెట్ల బస్తీల్లో రేకుల కప్పు కింద నడిచే చర్చి లేని గల్లీ తక్కువ. వారం పొడుగునా క్వారీల్లో రాయి కొట్టి, కంపెనీల్లో డ్రమ్ములు మోసి ఒళ్లు హూనం చేసుకున్న మాల మాదిగ జనం ఆదివారం పూట ఉతికిన బట్టలు కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని అక్కడికే పోతారు. అక్కడ వాళ్లకు వారం వారం వినపడే మాట ఒకటుంది: క్షమించండి, దేవుడు మిమ్మల్ని క్షమిస్తాడు.

నేనూ ఆ వాడలో పుట్టినవాణ్ణే. ఆ బైబిలు మీదే అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణే. దేవుని క్షమను ఎగతాళి చేయడానికి ఈ నాలుగు ముక్కలు రాయడం లేదు. నేనడిగేవి మూడే ప్రశ్నలు. ఆ మాట చెప్తున్నదెవరు? ఎవరికి చెప్తున్నారు? దానివల్ల బాగుపడుతున్నదెవరు?

దేవుని తూకం, లోకం తూకం

మన తాతలు ఈ మతంలోకి ఎట్లా వచ్చారో ముందు గుర్తు చేసుకోవాలి. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. మొదట్లో ఆయన బడికి పైకులాల పిల్లలు వచ్చారు, పెద్దలు మర్యాద చేశారు. ఇంతలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి, ఆ సువార్తను తన జనంలోకి తీసుకుపోయాడు. మాదిగలు గుంపులుగా రావడం మొదలైంది. పైకులాల పెద్దలు తెగేసి చెప్పారు: వాళ్లను చేర్చుకుంటే మేం రాం. ఊరు కావాల్నా, వాడ కావాల్నా? దొరకు చిక్కొచ్చి పడింది. ఆయన చెప్పుకున్న ప్రకారం, ఆ బాధలో బైబిలు తెరిస్తే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనపడింది. లోకం ఎవరినైతే నీచులని, లెక్కలోకి రానివాళ్లని తోసేసిందో వాళ్లనే దేవుడు ఏరుకున్నాడని అందులో ఉంది. పక్క గదిలో ఆయన భార్య కూడా అదే భాగం తెరిచి కూర్చుందట. ఆయన వాడను ఎంచుకున్నాడు. పైకులాల పిల్లలు బడి మానేశారు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ పనిలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని క్లౌ మన జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. గండం గడిచాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. "రొట్టె ముక్కకు అమ్ముడుపోయినోళ్లు" అని మనల్ని ఎవడన్నా అంటే ఈ లెక్క వాడి ముందు పెట్టండి. మన పెద్దలు పోయింది రొట్టె కోసం కాదు. మీరూ మనుషులే అని చెప్పే నోరు మొదటిసారి వినపడింది కాబట్టి పోయారు.

అంటే ఆ మతం మన దగ్గరికి వచ్చినప్పుడు లోకం తూకాన్ని తిరగేసి వచ్చింది. ఇప్పుడు ఆ తూకం ఎట్లుంది?

ముందు కుర్చీ ఎవరిది?

యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదవండి. బంగారు ఉంగరం పెట్టుకున్నోడు సభలోకి వస్తే మంచి చోటు చూపించి, మాసిన గుడ్డలోడు వస్తే నిలబడమనో, కాళ్ల దగ్గర కూర్చోమనో చెప్తే అది పాపమని రాసి ఉంది. మన పండుగ కూటాలు చూడండి. వేదిక మీద శాలువా ఎవరికి? ప్లాట్లు చేసి అమ్మినోడికి, ఎన్నికల్లో నిలబడేటోడికి. వంట చేసినామె, బొంత పరిచినామె ఎక్కడ? వెనక, చెప్పుల దగ్గర.

కానుకల వేళ విధవరాలి రెండు కాసుల కథ చెప్తారు. ఉన్నదంతా ఇచ్చింది, మీరూ ఇయ్యండి అంటారు. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో ఆ కథకు సరిగ్గా ముందు ఏముందో మాత్రం చదవరు. పొడుగు అంగీలు వేసుకుని, పొడుగు ప్రార్థనలు చేసి, విధవరాళ్ల ఇండ్లు మింగే మతపెద్దలను యేసు అక్కడే కడిగిపారేశాడు. ఆ రెండూ కలిపి చదివితే మెచ్చుకోవాల్సింది ఎవరినో, నిలదీయాల్సింది ఎవరినో తెలుస్తది. దశమభాగమిస్తే దేవుడు ప్లాటిస్తడు, కారిస్తడు అని చెప్పే బోధకుడు సువార్త చెప్పడం లేదు. అప్పుల్లో ఉన్నోడికి చిట్టీ కడుతున్నాడు.

గుడి మారింది, కులం మారలేదు

కులం సంగతి ఇంకా చేదు. 18వ శతాబ్దంలో జెస్యూట్ పాదిరీల కాలంలోనే ఆంధ్రలో రెడ్లు కొందరు కతోలికులయ్యారు. మతం పుచ్చుకున్నారు కానీ కులం విడవలేదు. ఇవాళ్టికీ పెళ్లి సంబంధాలు కులంలోనే. తెలుగు కతోలిక సభలో జనం ఎక్కువ మంది మనవాళ్లే, పీఠాలు మాత్రం ఎన్నో ఏండ్లు వాళ్లవే. హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యాడు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్ ఆయనే. సంతోషమే. కానీ మొదటివాడు రావడానికి 2022 దాకా ఎందుకు పట్టిందని అడగకుండా సంబరం చేసుకుంటే అది అమాయకత్వం.

వాళ్లనే అంటే చాలదు, మన ఇల్లు కూడా చూసుకోవాలి. కోస్తాలో లూథరన్ అంటే ఎక్కువగా మాలలు, బాప్టిస్టు అంటే ఎక్కువగా మాదిగలు. మిషన్లు పంచుకున్న గీతను మనం చెరపలేదు, ఇంకా లోతుగా గీసుకున్నాం. క్లౌ తిరిగిన ఆ ప్రకాశం జిల్లాలోనే, ఈదుముడిలో, 1994 జులై 7న మాదిగ దండోరా పుట్టింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో అది అమల్లోకి వచ్చింది. వాటా తేలింది. ప్రభురాత్రి భోజనంలో ఒకే రొట్టె విరిచినోళ్లు బిడ్డల పెండ్లి దగ్గర మాత్రం "వాళ్లా?" అని మూతి తిప్పుకోవడం తేలలేదు. దానికి కోర్టు అక్కర్లేదు, సిగ్గు ఉంటే చాలు.

రెండు పేర్ల మనిషి వేషధారా?

"మీరు మాత్రం సర్టిఫికెట్‌లో హిందువు, ఆదివారం క్రైస్తవుడు కాదా? ఇది వేషం కాదా?" అని మనల్ని అడిగేటోళ్లు ఉన్నారు. జవాబు చెప్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను బయటే ఉంచారు. క్రైస్తవుడని రాసుకున్న మాలను, మాదిగను మన దగ్గర బీసీ-సీ కింద ఒక శాతంలోకి నెడతారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమని చెప్పింది. తీయలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినోడికి ఎస్సీ హోదా పోతుంది కాబట్టి అట్రాసిటీ చట్టం కింద రక్షణ లేదని తీర్పిచ్చింది.

కొట్టేటోడు మతం చూసి కొట్టడు, కులం చూసి కొడతాడు. చట్టం మాత్రం దెబ్బ తిన్నోడిని "నీ మతమేంది?" అని అడుగుతది. ఆకలికి, చదువుకు, ప్రాణానికి భయపడి రెండు పేర్లు మోసే మనిషిని నేను వేషధారి అనను. యేసు వేషధారులని తిట్టింది బలవంతులను. గిన్నె బయట తోమి, లోపల దోపిడీ నింపుకున్నోళ్లను. ఆ తిట్టును తెచ్చి బీదోడి నెత్తిన పెట్టకండి.

క్షమ సంగతి

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. మా వైపు ఒక క్వారీలో రాయి జారి ఒక కూలీ చెయ్యి నుజ్జయింది. కేసు పెడదామని నలుగురం పోతే, యజమాని కంటే ముందు సంఘ పెద్ద వచ్చాడు. "తమ్మీ, పగ దేవునిది. క్షమించు, ఆయన చూసుకుంటడు" అన్నాడు. ఆ చర్చికి మైకు సెట్టు ఇచ్చింది ఆ యజమానే. నా మూడు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది. చెప్పింది మైకు తీసుకున్నోడు, చెప్పించుకున్నది చెయ్యి పోయినోడు, బాగుపడింది మైకు ఇచ్చినోడు.

పెద్ద సంగతులకు పోదాం. 1985 జులైలో కారంచేడులో తాగునీటి చెరువును మురికి చేయొద్దన్నందుకు మాదిగల మీద దాడి మొదలైంది. కొరడా దెబ్బకు అడ్డంగా బిందె ఎత్తిన ఆమె పేరే సువార్త. మర్నాడు, జులై 17న, ఆరుగురిని చంపారు. సుప్రీంకోర్టు చివరి తీర్పు చెప్పేసరికి 2008 వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో పట్టపగలు ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఇన్నేండ్లలో చంపినోళ్లు వాడకొచ్చి తప్పయిందని అన్నది ఎక్కడ? అడగని క్షమాపణను మనం ఎట్లా ఇస్తాం? ఎవరి చేతిలో పెడతాం?

గ్రంథం ఏం చెప్తున్నదో చూడండి. లూకా పదిహేడో అధ్యాయంలో తప్పు చేసిన సోదరుణ్ణి ముందు గద్దించమని ఉంది. వాడు మనసు మార్చుకుంటే అప్పుడు క్షమించమని ఉంది. గద్దింపు ముందు, మార్పు మధ్యలో, క్షమ చివర. మన బోధకులు మొదటి రెండూ మింగేసి మూడోది వడ్డిస్తున్నారు. మత్తయి ఐదో అధ్యాయంలో, నీ మీద సోదరుడికి ఫిర్యాదు ఉంటే కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి, ముందు పోయి సమాధానపడమని ఉంది. ఆ మాట అన్యాయం చేసినోడికి చెప్పింది. మైకు సెట్టు ఇచ్చినోడికి చెప్పాల్సిన మాట అది.

లూకా పంతొమ్మిదిలో జక్కయ్య ఉన్నాడు. పన్నులు వసూలు చేసి బలిసినవాడు. యేసు వాడి ఇంటికి పోయాడు, వాడిని తోసేయలేదు. అది దేవుని క్షమ. వాడేం చేశాడు? కళ్లనీళ్లు పెట్టుకుని పాట పాడి కూర్చోలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా గుంజుకున్నదానికి నాలుగంతలు కడతానన్నాడు. ఆ మాట విన్నాకే ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు చెప్పాడు. క్షమకు రసీదు ఏదంటే, తిరిగిచ్చిన సొమ్మే.

"మరి సిలువ మీద క్షమించలేదా?" అంటారు. క్షమించాడు. క్షమించమని తండ్రిని అడిగింది రక్తం కారుతున్నవాడు. మేకు కొట్టినోడు కింద నిలబడి "నువ్వు క్షమించాలి, అదే నీ ధర్మం" అని సిలువ మీదున్నోడికి బోధ చేయలేదు. క్షమించే అధికారం గాయపడ్డవాడిది. ఇయ్యాల్నా వద్దా, ఎప్పుడియ్యాలె అన్నది వాడి గుండెకు, దేవునికి మధ్య సంగతి. దాన్ని వాడి దగ్గర గుంజుకునే హక్కు పాస్టరుకు లేదు, సర్పంచుకు లేదు, ఠాణాలో రాజీ చేయించే ఎస్సైకి అసలే లేదు.

ఒకటి మాత్రం చెప్తాను. పగ పెంచుకోమని నేను అనడం లేదు. పగ మన లోపలే కుళ్లి మనల్నే తింటది. ఒక మనిషి తన మనసు తేలికవడానికి లోపల క్షమించుకోవచ్చు, దేవునికి అప్పజెప్పుకోవచ్చు. అదే మనిషి మరునాడు కోర్టులో నిలబడి చూసింది చూసినట్టు సాక్ష్యం చెప్పొచ్చు, చెప్పాలె. క్షమ వేరు, కేసు వేరు. కేసు మన ఒక్కడి కోపం కోసం కాదు, రేపు ఇంకో బిడ్డ చావకుండా ఉండటం కోసం.

అంబేద్కర్ క్రైస్తవుల గురించి రాసినప్పుడు పట్టుకున్న లోపం ఇదే. నీ కష్టానికి కారణం నీ పాపమే అని చెప్తే, మనిషి తన చుట్టూ ఉన్న వ్యవస్థను కొట్టడం మానేసి తన రొమ్ము కొట్టుకుంటాడు. మన చర్చిల్లో ఎన్ని ఆదివారాలు రొమ్ము కొట్టుకున్నామో లెక్కేసుకోండి.

ఏం చేద్దాం?

సంఘాల్లో ఉన్న మన కార్యకర్తలు చర్చి విడిచి రావక్కర్లేదు. లోపలే ఉండి అడగండి. కానుకల లెక్క ఏడాదికోసారి గోడ మీద అంటించమనండి. ఎవరి డబ్బుతో గోడ లేచిందో, ఆ మనిషి కూలీలకు బాకీ ఉన్నాడా అని అడగండి. దాడి జరిగిన ఇంటికి రాజీ మాట మోసుకొచ్చిన పెద్దను, ముందు కొట్టినోడి ఇంటికి పోయి జక్కయ్య కథ చెప్పి రమ్మనండి. మాల, మాదిగ సంఘాలు ఏడాదికి ఒక్క పండుగైనా ఒకే పందిట్లో, ఒకే గిన్నెతో చేయండి. 1950 ఉత్తర్వు మూడో పేరా మీద ప్రతి చర్చి నుంచి ఒక తీర్మానం పంపండి.

దేవుడు క్షమిస్తాడు. నిజమే. కానీ క్షమించే దేవుడు గుంజుకున్న భూమికి కాపలాదారుడు కాడు. ఆ సంగతి దోచినోళ్లకు మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

జై భీమ్.

— ఒక ఉపాధ్యాయుడు, గాజులరామారం