మన మాట వెళ్తోంది... వాళ్ల మాట రావట్లేదు!

ఆఫీసులో ఫోన్ మోగుతుంది. ఎత్తి 'హలో' అంటారు. అవతలివాళ్లకు మీ మాట చక్కగా వినిపిస్తుంది. వాళ్ల మాటే మీకు చేరదు! 'హలో... హలో...' అని నాలుగుసార్లు అరిచి పెట్టేస్తారు. ఫోన్ చేసినవాళ్లు పాత ఖాతాదారులైతే మళ్లీ చేస్తారు. కొత్తవాళ్లైతే పక్క దుకాణానికి చేస్తారు. డయాగ్నస్టిక్ సెంటరో, చిన్న నర్సింగ్ హోమో అయితే నష్టం వ్యాపారంతో ఆగదు.

ఇంటర్నెట్ ఫోన్లు వాడే చిన్న ఆఫీసుల్లో తరచూ కనిపించే తంటా ఇది. చాలామంది వెంటనే ఫోన్‌నే అనుమానిస్తారు. కొత్తది కొంటారు. అదీ అలాగే పనిచేస్తుంది! ఎందుకంటే లోపం సాధారణంగా ఫోన్‌లో ఉండదు, దారిలో ఉంటుంది. ఆ దారిని వరసగా ఎలా పరీక్షించాలో ఈ వారం చూద్దాం.

ముందు అసలు సంగతి

ఇంటర్నెట్ ఫోన్‌లో ఒక్కో కాల్‌కు రెండు పనులు విడివిడిగా జరుగుతాయి. ఒకటి, కబురు పంపడం. ఎవరు ఎవరికి చేస్తున్నారు, ఎత్తారా, పెట్టేశారా అన్నది ఇందులో ఉంటుంది. దీని పద్ధతి పేరు సిప్. ఇప్పుడు అందరూ పాటించే ప్రమాణం 2002లో వచ్చింది. రెండోది, మాటను మోసుకెళ్లడం. దీన్ని ఆర్‌టీపీ అంటారు. మన గొంతును సాధారణంగా సెకనుకు 50 చిన్న ముక్కలుగా కోసి పంపుతుంది. కబురు ఒక దారిలో, మాట ఇంకో దారిలో వెళ్లొచ్చు. అందుకే ఫోన్ చక్కగా మోగుతుంది... మాట మాత్రం వినిపించదు!

మొదట ఈ మూడూ...

* వైరు, లైటు: ఫోన్ తెర వెలగకపోతే కరెంటు చూడండి. చాలా ఆఫీసు ఫోన్లకు కరెంటు నెట్‌వర్క్ కేబుల్‌లోంచే వస్తుంది. స్విచ్‌కు ఆ సదుపాయం లేకపోతే విడిగా అడాప్టర్ పెట్టాల్సిందే. కేబుల్ మార్చి చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష.

* ఐపీ నంబరు: ఫోన్ మెనూలో 'స్టేటస్' దగ్గర ఉంటుంది. 192.168 లేదా 10తో మొదలైతే సాధారణంగా ఫర్వాలేదు. 169.254తో మొదలైతే మాత్రం రౌటర్ దానికి నంబరు ఇవ్వలేదని అర్థం. రౌటర్‌ను, కేబుల్‌ను చూసుకోవాలి. ఒకే నంబరు రెండు ఫోన్లకు పెట్టినా గొడవే. ఒకసారి ఇది, ఒకసారి అది మూగబోతాయి.

* రిజిస్ట్రేషన్: ఫోన్ తన సర్వర్‌కు 'నేనున్నాను' అని చెప్పుకోవాలి. తెరమీద 'రిజిస్టర్డ్' అని లేకపోతే యూజర్ పేరు, పాస్‌వర్డ్, సర్వర్ చిరునామా ఒక్కో అక్షరం సరిపోల్చండి. సర్వర్ పేరు ఐపీ నంబరులా కాక అక్షరాల్లో ఉంటే డీఎన్‌ఎస్ సెట్టింగు కూడా చూడాలి.

అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కథ

ఈ మూడూ సరిగ్గా ఉన్నా మాట ఒకవైపే వెళ్తోందా? అయితే అనుమానించాల్సింది రౌటర్‌నే. ఎందుకో చూడండి.

ఆఫీసు మొత్తానికి బయటి ప్రపంచంలో ఉన్న చిరునామా ఒక్కటే. లోపలి ఫోన్లవి అపార్ట్‌మెంటులో ఫ్లాట్ నంబర్ల లాంటివి. గేటు దగ్గర వాచ్‌మన్‌లా రౌటర్ ఉంటుంది. ఎవరి ఉత్తరం బయటికి వెళ్లిందో గుర్తుపెట్టుకుని, జవాబు రాగానే ఆ ఫ్లాటుకే పంపుతుంది. దీన్నే నాట్ అంటారు. చిక్కంతా ఎక్కడంటే, మన ఫోన్ ఉత్తరం లోపల 'జవాబు 25వ ఫ్లాటుకు పంపండి' అని రాస్తుంది. వీధి పేరు లేదు, ఊరి పేరు లేదు! అవతలివాళ్లు తమ మాటను ఎక్కడికని పంపుతారు? అందుకే మన మాట వెళ్తుంది, వాళ్లది రాదు.

దీనికి విరుగుడుగా చాలా రౌటర్లలో 'సిప్ ఏఎల్‌జీ' అనే సదుపాయం పెట్టారు. ఉత్తరం విప్పి, చిరునామా దిద్దడం దీని పని. ఉద్దేశం మంచిదే. కానీ చాలా రౌటర్లలో ఇది సగం దిద్ది సగం వదిలేస్తుంది. పైగా ఇవాళ చాలా సర్వర్లు ఈ చిరునామా తిప్పలను తామే సర్దుకుంటాయి. ఇద్దరూ కలిసి దిద్దితే ఉత్తరం పాడవుతుంది. కాబట్టి మొదటి చికిత్స: రౌటర్ సెట్టింగుల్లో సిప్ ఏఎల్‌జీని ఆపేయండి. రౌటర్‌ను, ఫోన్లను ఆపి మళ్లీ వేయండి. చాలా ఆఫీసుల్లో సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

తీరకపోతే రౌటర్లు రెండున్నాయేమో చూడండి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మనం కొన్నది ఇంకొకటి. రెండూ వాచ్‌మన్ పని చేస్తుంటే మాట దారి తప్పుతుంది. ఒకదాన్ని 'బ్రిడ్జ్' పద్ధతిలో పెట్టించండి.

గడియారం చెప్పే రహస్యం

కాల్ ఎప్పుడు తెగుతోందో గడియారం పెట్టి చూడండి. రోగం సగం తెలిసిపోతుంది.

సుమారు 32 సెకన్లకు తెగిపోతోందా? ఫోన్ ఎత్తినట్టు కబురు పంపినవాళ్లకు 'అందింది' అన్న జవాబు రాలేదన్నమాట. సిప్ అంతసేపు ఎదురుచూసి కాల్‌ను మూసేస్తుంది. ఇదీ చిరునామా సమస్యే. పైన చెప్పిన చికిత్సే దీనికీ.

ప్రతిసారీ 15 నిమిషాలకు తెగుతోందా? కాల్ ఇంకా నడుస్తోందా అని మధ్యలో జరిగే విచారణ దారిలో ఆగిపోతోందని అనుమానించాలి. సర్వీసు ఇచ్చేవాళ్లకు 'సెషన్ టైమర్' చూడమని చెప్పండి.

మనం చేస్తే వెళ్తోంది, కాసేపు ఊరుకుంటే బయటి నుంచి రావట్లేదా? వాచ్‌మన్ మర్చిపోయాడు! కొన్ని రౌటర్లు అర నిమిషం కదలిక లేకపోయినా ఆ దారి మూసేస్తాయి. ఫోన్‌లో 'కీప్ అలైవ్' అనేది ఆన్ చేసి, 20 సెకన్లు పెట్టండి.

గొంతు ముక్కలైతే...

మాట తెగితెగి వినిపిస్తే అది చిరునామా గొడవ కాదు, రద్దీ. జి.711 పద్ధతిలో ఒక్క కాల్‌కు ఒక్కోవైపు సుమారు 87 కిలోబిట్ల వేగం కావాలి. పది కాల్స్ అయితే ఒక మెగాబిట్‌కు దగ్గర. ఇవాళ్టి కనెక్షన్లకు అది లెక్కలోకి రాదు. మరి ఎందుకు తెగుతుంది? ఎవరో ఒకరు పెద్ద ఫైలు పంపుతుంటారు. లేదా సీసీ కెమెరా బొమ్మలు బయటికి వెళ్తుంటాయి. బస్సుల వరసలో అంబులెన్స్ ఇరుక్కున్నట్టు మాట ఇరుక్కుంటుంది.

రౌటర్‌లో 'క్వాలిటీ ఆఫ్ సర్వీస్' అనేదాన్ని తెరిచి, ఫోన్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సహజంగా ఉంటుంది. వైఫై మీద నడిచే ఫోన్‌ను ఒక్కసారి కేబుల్‌తో కలిపి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

తొందరపడి ఈ తప్పు చేయొద్దు!

'రౌటర్‌లో అన్ని పోర్టులూ తెరిచేయండి, పనిచేస్తుంది' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నిజమే, పనిచేస్తుంది... దొంగలకు కూడా! సిప్ వాడే 5060 నంబరు పోర్టును వెతుక్కుంటూ ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు దొంగ ప్రోగ్రాములు తిరుగుతుంటాయి. ఎక్స్‌టెన్షన్ 101, పాస్‌వర్డ్ 101 అని పెట్టుకున్న ఆఫీసు దొరికితే పండగే. శనివారం రాత్రి మొదలుపెట్టి విదేశాల్లోని ఖరీదైన నంబర్లకు కాల్స్ చేసేస్తారు. సోమవారం వచ్చి చూస్తే బిల్లు లక్షల్లో ఉండొచ్చు. కట్టాల్సింది మీరే! పాస్‌వర్డ్‌లు పొడవుగా పెట్టండి. విదేశీ కాల్స్ అక్కర్లేకపోతే ఆపించండి. రోజు ఖర్చుకు పరిమితి పెట్టించండి.

ఇంకో ముఖ్యమైన మాట. పాత ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఇంటర్నెట్ ఫోన్ అలా కాదు. రౌటర్, స్విచ్ రెండింటికీ యూపీఎస్ లేకపోతే కరెంటుతోపాటు ఫోనూ పోతుంది. అత్యవసరానికి 112కు చేయడానికి ఒక మొబైల్ ఛార్జింగ్‌తో ఆఫీసులో ఎప్పుడూ ఉండాలి.

మెకానిక్‌ను పిలిచేముందు...

* ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. పాతది కాగితం మీద రాసుకోండి.
* వీలైతే ఒక ఫోన్‌ను మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. అక్కడ బాగుంటే లోపం ఆఫీసు నెట్‌వర్క్‌ది. అక్కడా అదే తంతైతే సర్వీసుదో, ఫోన్‌దో.
* ఎవరి మాట ఎవరికి వినపడలేదు, ఎన్ని సెకన్లకు తెగింది, ఆ సమయమెంత... ఈ మూడూ రాసి పెట్టుకోండి.

'ఫోన్ పనిచేయట్లేదండీ' అంటే మెకానిక్ రెండు రోజులు వెతుకుతాడు. 'బయటి నుంచి వచ్చే కాల్స్ 32 సెకన్లకు తెగుతున్నాయి' అనండి. ఎక్కడ చూడాలో అతనికి అప్పటికే తెలిసిపోతుంది.